ఫైలులోనే మొదలయ్యే అడ్డంకి: వైకల్యం ఉన్న విద్యార్థులకు తెలుగు డిజిటల్ పాఠాలు

పదో తరగతి తెలుగు మీడియం జీవశాస్త్రం నోట్స్ ఒకటి పీడీఎఫ్‌గా వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. చూపున్న విద్యార్థి తెరిచి చదువుకుంటాడు. చూపు లేని విద్యార్థి ఫోన్‌లో, తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని అదే ఫైలు తెరిస్తే ఏం వినిపిస్తుందన్నది ఆ ఫైలు ఎలా పుట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. అది స్కాన్ కాపీ అయితే చదవడానికి అందులో అక్షరాలే ఉండవు కాబట్టి పాఠం వినిపించదు. పాత డీటీపీ ఫాంటుతో కొట్టినదైతే అర్థం లేని ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు వరుసగా చదువుకుంటూ పోతుంది. సరైన యూనికోడ్ తెలుగు (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉన్న పద్ధతి) అయితే పాఠం వినిపిస్తుంది. కంటితో చూసేవారికి ఈ మూడు ఫైళ్లూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకే తయారుచేసినవారికి తేడా తెలియదు, తెలిపేవారు కూడా అరుదు.

డిజిటల్ పాఠాలు అందరికీ అందాలి అనగానే మాట ఖరీదైన పరికరాల వైపో, నిధుల వైపో వెళ్తుంది. తెలుగు విషయంలో చిక్కు అంతకంటే చాలా ముందుంది. టాక్‌బ్యాక్‌కు డబ్బు కట్టాల్సిన పని లేదు. కంప్యూటర్‌లో వాడే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ కూడా ఉచితమే. దాన్ని చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టాడు, ఆయనలాగే చూపు లేని జేమ్స్ టే తోడయ్యాడు. దానితో పాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు పలుకుతుంది. ఆ ఉచ్చారణ కాస్త యాంత్రికంగా ఉంటుంది కానీ అలవాటైన చెవికి చదువుకోవడానికి సరిపోతుంది. అంటే చదివే సాధనం చాలామంది విద్యార్థులకు ఇప్పటికే అందుబాటులో ఉంది. ఆ సాధనానికి అర్థమయ్యే ఫైలే లేదు.

ఇది ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలంటే తెలుగు అచ్చు కంప్యూటర్‌లోకి వచ్చిన తీరు చూడాలి. కంప్యూటర్లకు తెలుగు లిపి తెలియని రోజుల్లో డీటీపీ రంగం ఒక తెలివైన ఉపాయం పట్టింది. ఫైలులో దాచేది ఇంగ్లీష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లనే. వాటి స్థానంలో తెలుగు తలకట్టునో, గుడినో, ఒత్తునో గీసే ఫాంటు తయారుచేశారు. ‘అను’ పేరుతో వచ్చిన ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ కలిసి ఇలాగే దశాబ్దాల పాటు తెలుగు పత్రికలను, పుస్తకాలను, పెళ్లి శుభలేఖలను నడిపించాయి. ముద్రణకు అవి చేసిన సేవ తక్కువది కాదు. అప్పటికి వేరే దారి కూడా లేదు. అయితే ఆ ఫైలు లోపల తెలుగు అనేదే లేదు. కాగితం మీద గీత మాత్రమే తెలుగు. గీతను చూడలేని స్క్రీన్ రీడర్ లోపల ఉన్న కోడ్‌ను చదువుతుంది.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటును వెంట తెచ్చింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆ తర్వాత రెండు దశాబ్దాలు గడిచినా చాలా డీటీపీ సెంటర్లలో పాత పద్ధతే నడుస్తోంది. చేతికి అలవాటైన కీబోర్డు, వేగం, కస్టమర్‌కు కావలసిన అక్షరం అందం, వీటన్నిటి వల్లా మార్పు రాలేదు. పుస్తకం అచ్చుకే పరిమితమైనంత కాలం దాని వల్ల ఎవరికీ కొత్త నష్టం లేదు. అదే ఫైలును పీడీఎఫ్ చేసి ‘ఆన్‌లైన్ మెటీరియల్’ అని పెట్టడం మొదలయ్యాక నష్టం మొదలైంది.

యూనికోడ్‌లో టైపు చేసినంత మాత్రాన పని పూర్తవదు. తెలుగు అక్షరాల కూర్పు సంక్లిష్టమైనది. హల్లు, దాని కింద ఒత్తు, పైన గుణింతం కలిసి ఒకే ఆకారంగా మారతాయి. పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆకారాన్ని దాచుకుని, అది ఏ అక్షరాల కలయికో మరిచిపోతాయి. తెర మీద ‘రాష్ట్రం’ అని చక్కగా కనిపిస్తుంది, లోపల మాత్రం అక్షరాలు తారుమారై ఉంటాయి. దీన్ని కనిపెట్టడానికి నిపుణులు అక్కర్లేదు. పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్ మెసేజ్‌లో పేస్ట్ చేస్తే చాలు. అక్కడ అదే తెలుగు వస్తే స్క్రీన్ రీడర్ కూడా చదవగలదు. గజిబిజి వస్తే పిల్లవాడికి వినిపించేదీ ఆ గజిబిజే. మెటీరియల్ పంచే ముందు ప్రతి టీచరూ చేయగలిగిన పరీక్ష ఇది, నిమిషం కూడా పట్టదు. పీడీఎఫ్ పాడైనప్పుడు దాంతో పాటు వర్డ్ ఫైలునో, ఈపబ్‌నో, మామూలు వెబ్ పేజీనో ఇస్తే చాలావరకు గట్టెక్కవచ్చు.

అక్షరం సరిగ్గా ఉంటే అందులోంచి ఎన్ని రూపాలు తీయవచ్చో గుర్తుంచుకోవాలి. అదే ఫైలు గొంతుగా వినిపిస్తుంది. అక్షరం పెద్దది చేసుకుంటే తక్కువ చూపు ఉన్నవారు చదువుకుంటారు. చుక్కలను పైకి లేపి చూపే బ్రెయిలీ డిస్‌ప్లే తగిలిస్తే వేళ్ల కింద భారతి బ్రెయిలీగా (భారతీయ భాషల బ్రెయిలీగా) మారుతుంది. ఈ చివరిది తెలుగు మీడియం పిల్లలకు చాలా ముఖ్యం. పాఠాలను వినడం ద్వారానే చదువుకున్న పిల్లలకు విషయం వస్తుంది, వర్ణక్రమం రాదు. శ, ష ఎక్కడ రాయాలో, ఒత్తు ఉందో లేదో చెవి చెప్పదు. మనిషి చదివి రికార్డు చేసిన ఆడియో ఎంత బాగున్నా అందులో పదం మీద ఆగి అక్షరం అక్షరంగా వినే వీలు లేదు. అందుకే ఆడియో ఇచ్చాం కదా అని టెక్స్ట్ ఎగ్గొట్టకూడదు.

టెక్స్ట్ తర్వాతి సంగతి భాష పేరు. వెబ్ పేజీకి గానీ డాక్యుమెంట్‌కు గానీ ‘ఇది తెలుగు’ అని లోపల ఒక గుర్తు పెట్టాలి. అది లేకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లీష్ గొంతుతోనే చదవబోయి తెలుగు అక్షరాలను వదిలేయవచ్చు. పేజీకి ఇంగ్లీష్ గుర్తు పెట్టి తెలుగు పాఠం నింపిన సైట్లకు కొదవ లేదు. ఎందుకంటే టెంప్లేట్ ఇంగ్లీష్‌ది. ఒక్క పదం మార్చాల్సిన పని ఇది.

శీర్షికలదీ ఇదే కథ. చూపున్నవారు పేజీని ఒక్క చూపులో తిరగేసి కావలసిన చోట ఆగుతారు. స్క్రీన్ రీడర్ వాడేవారు శీర్షిక నుంచి శీర్షికకు దూకుతారు. వర్డ్‌లో ‘హెడింగ్ 1’, ‘హెడింగ్ 2’ అనే స్టైల్ వాడితేనే అలా దూకడం కుదురుతుంది. అక్షరాలు లావుగా, ఎర్రగా చేసినంత మాత్రాన యంత్రానికి అది శీర్షిక అని తెలియదు. నలభై పేజీల యూనిట్‌లో ‘అభ్యాసాలు’ ఎక్కడున్నాయో వెతకడానికి మొదటి నుంచీ వినాల్సి వస్తే ఏ విద్యార్థి ఓపికైనా చచ్చిపోతుంది.

బొమ్మల దగ్గరికి వచ్చేసరికి టీచరు అవసరం మొదలవుతుంది, ఎందుకంటే ఇది సాఫ్ట్‌వేర్ ఒక్కటీ చేయగలిగిన పని కాదు. బొమ్మ వెనక పెట్టే వివరణను ఆల్ట్ టెక్స్ట్ అంటారు. మానవ హృదయం నిలువుకోత బొమ్మకు చాలాచోట్ల ‘హృదయం’ అని ఒక్క మాట ఉంటుంది, లేదా ఫైలు పేరే ఉంటుంది. అది విన్న పిల్లవాడికి దక్కేది ఏమీ లేదు. పాఠం ఆ బొమ్మ నుంచి ఏం నేర్పాలనుకుంటోందో అది మాటల్లోకి రావాలి. ‘హృదయంలో నాలుగు గదులు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడ కంటే మందంగా ఉంది. కుడి జఠరిక నుంచి పుపుస ధమని, ఎడమ జఠరిక నుంచి బృహద్ధమని బయలుదేరుతున్నాయి’ అంటే చదువు జరిగినట్టు. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. హృదయం ఎడమ భాగం బొమ్మలో చూసేవారికి కుడి వైపు కనిపిస్తుంది. వివరణ రాసేవారు కాగితాన్ని చూస్తూ ‘కుడి పక్కన’ అని రాస్తే చూపు లేని విద్యార్థి పరీక్షలో జవాబు తిరగేసి రాస్తాడు.

అన్ని బొమ్మలకూ ఇంత వివరణ అవసరం లేదు. పేజీ మూలన అలంకారంగా పెట్టిన పుస్తకాల బొమ్మకు వివరణ ఇవ్వకపోవడమే మేలు, దాన్ని స్క్రీన్ రీడర్ దాటేసేలా ఖాళీగా గుర్తించాలి. బిట్స్‌లో వచ్చే బొమ్మకు మరో జాగ్రత్త ఉంది. ‘ఈ పటంలో చూపిన నది ఏది?’ అనే ప్రశ్న పక్కన ‘గోదావరి పటం’ అని వివరణ పెడితే జవాబు చెప్పేసినట్టే. నాసిక్ దగ్గర పుట్టి తూర్పుకు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తున్న నది గీత అని చెబితే ప్రశ్న ప్రశ్నలా మిగులుతుంది. కొన్ని బొమ్మలు మాటల్లో ఒదగవు. కటకం గుండా వెళ్లే కిరణాల చిత్రం, దేశ పటం లాంటివి వేళ్లతో తడిమే ఉబ్బెత్తు బొమ్మలుగానే ఇవ్వాలి. అలాంటప్పుడు ఆన్‌లైన్ పాఠంలో ఆ బొమ్మ నంబరు చెప్పి దానికి జతగా వివరణ నడవాలి.

గణితంలో నష్టం ఇంకా పెద్దది. ‘ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్’ను ఫొటోగా పెడితే వినిపించేది ఏమీ ఉండదు. మామూలు అక్షరాలుగా టైపు చేస్తే బ్రాకెట్లూ పై అంకె వినిపించక ‘ఎ ప్లస్ బి 2’ అయిపోయే ప్రమాదం ఉంది. ఆ రెండింటి విలువా వేరు, లెక్కంతా తప్పుతుంది. మ్యాథ్ఎంఎల్ అనే పద్ధతిలో సూత్రాన్ని రాస్తే ఏది బ్రాకెట్‌లో ఉందో, ఏది ఘాతమో, భిన్నంలో పైనున్నది ఎంతవరకో స్క్రీన్ రీడర్‌కు తెలుస్తుంది. అది ఇంగ్లీష్‌లో చదివినా పెద్ద ఇబ్బంది లేదు, మన తరగతుల్లో ఎలాగూ ‘ఎక్స్ స్క్వేర్’ అనే అంటారు. వర్డ్‌లోని ఈక్వేషన్ ఎడిటర్‌తో రాసిన సూత్రాలను ఈ రూపంలోకి తేవచ్చు. అంధ విద్యార్థులకు లెక్కలు, సైన్స్ కష్టమని చెప్పి దూరం పెట్టే అలవాటు వెనక ఈ ఫొటో సూత్రాల వాటా చాలా ఉంది.

ఆ అలవాటు ఎంత బలమైనదో చెప్పడానికి శ్రీకాంత్ బొల్లా ఉదంతం చాలు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన ఆయనకు పదో తరగతి తర్వాత సైన్స్ చదవడానికి అనుమతి దొరకలేదు. కోర్టుకెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్పించుకుని విని 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు, అమెరికాలోని ఎంఐటీలో చదివారు, తర్వాత హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఈ కథను అందరూ పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. అది నిజమే. కానీ మెటీరియల్ కోణం నుంచి చూస్తే ఇందులో మరో సంగతి కనిపిస్తుంది. పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చే భారం ఆ కుర్రవాడి మీద, అతని చుట్టూ ఉన్న కొద్దిమంది మీద పడింది. అలాంటి తోడు దొరకని పిల్లలు పుస్తకం దగ్గరే ఆగిపోతారు, వాళ్ల పేర్లు మనకు తెలియవు.

ఇక వీడియో పాఠాలు. తెలుగు యూట్యూబ్‌లో లెక్కల క్లాసులు వింటే ఒక మాట పదే పదే వస్తుంది: ‘దీన్ని ఇటు తెస్తే ఇదిగో ఇంత వచ్చింది, దీన్ని దీంతో కొట్టేస్తే ఇది మిగిలింది.’ బోర్డు చూసేవారికి అది చక్కటి బోధన. చూడలేనివారికి ఆ వాక్యంలో ఒక్క అంకె కూడా లేదు. ‘ఎడమ వైపున్న ప్లస్ మూడును కుడి వైపుకు తెస్తే మైనస్ మూడు అవుతుంది, పదిలోంచి మూడు తీసేస్తే ఏడు’ అని పలికితే ఏ పరికరమూ లేకుండానే పాఠం అందుతుంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, నోటి అలవాటు మారాలి. ‘ఇది’, ‘అది’, ‘ఇక్కడ’ బదులు వస్తువు పేరు చెప్పడం కొత్త టీచర్ల శిక్షణలో నేర్పదగ్గ మొదటి విషయం. చిన్న ఫోన్‌లో బోర్డు మీది అక్షరాలు సరిగ్గా కనిపించని మామూలు పిల్లలకు కూడా దీనివల్ల మేలే.

వినికిడి లేనివారికి వీడియో కింద సబ్‌టైటిళ్లు వేస్తే సరిపోతుందన్నది మంచి మనసుతో చేసే పొరపాటు. పెద్దయ్యాక వినికిడి తగ్గినవారికి, కొద్దిగా వినగలిగేవారికి తెలుగు సబ్‌టైటిళ్లు నిజంగా పనికొస్తాయి. అయితే అవి యంత్రం రాసినవైతే మనిషి ఒకసారి సరిచూడాలి. సైన్స్ పాఠంలో ‘ధమని’ ఇంకేదో మాటగా మారితే లేనిదాని కంటే నష్టం. పుట్టుకతోనే వినపడని పిల్లలది వేరే స్థితి. వాళ్లు ఇంట్లో, బడిలో తెలుగు వింటూ పెరగలేదు. వాళ్లకు సహజంగా అబ్బే భాష భారతీయ సంజ్ఞా భాష. దానికి సొంత వ్యాకరణం ఉంది. ప్రశ్నార్థకం వాక్యం చివర వస్తుంది, ముఖ కవళికలే అర్థాన్ని మారుస్తాయి, తెలుగులోని విభక్తులు అందులో అలా ఉండవు. వాళ్లకు రాత తెలుగు రెండో భాష. పొడుగాటి సమాసాలతో నిండిన సబ్‌టైటిల్ రెండు సెకన్లలో తెర మీంచి మాయమైతే ఆ పిల్లవాడు పాఠం చదవాలా, భాష విడదీసుకోవాలా?

అందుకే సంజ్ఞా భాషలోనే పాఠం కావాలి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో నిఘంటువు తెచ్చింది, 2021 నాటికి దాన్ని 10,000 పదాలకు పెంచింది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను సంజ్ఞా భాషలోకి తేవడానికి 2020 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య కింద సంజ్ఞా భాషకు 31వ నంబరు టీవీ చానెల్ మొదలైంది. ఇవన్నీ మంచి అడుగులే. తెలుగు మీడియం బధిర విద్యార్థి దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు మిగిలింది. సంకేతం లేని శాస్త్ర పదాన్ని వేళ్లతో అక్షరం అక్షరంగా చూపిస్తారు, ఆ అక్షరాలు ప్రధానంగా ఇంగ్లీష్‌వి. తెలుగు పుస్తకంలో ‘కిరణజన్య సంయోగక్రియ’ అని చదివిన పిల్లవాడికి వీడియోలో ‘ఫొటోసింథసిస్’ స్పెల్లింగ్ కనిపిస్తుంది. ఆ రెండూ ఒకటే అని ఎవరో చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో తయారయ్యే సంజ్ఞా భాష వీడియోల్లో సంకేతం చూపిన క్షణంలోనే తెలుగు పదం, ఇంగ్లీష్ పదం రెండూ తెర మీద రాసి పెడితే ఈ ముడి విడిపోతుంది. సంజ్ఞా భాష మాట్లాడేవారి చతురస్రం మూలన తపాలా బిళ్లంత ఉంటే వేళ్లే కనిపించవు, అది కూడా చూసుకోవాలి.

తక్కువ చూపు ఉన్నవారి కోసం వెబ్ ప్రమాణాలు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలంటాయి. అది అన్ని భాషలకూ వర్తించేదే. తెలుగుకు ప్రత్యేకమైనది వరుసల మధ్య దూరం. ఇంగ్లీష్ కోసం తయారైన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, కొన్ని యాప్‌లలో ఒత్తు సగం తెగిపోతుంది. ‘కృష్ణా’, ‘శాస్త్రం’ వంటి పదాల్లో కింది భాగం పోతే మామూలు చూపుకే ఇబ్బంది. తెలుగుకు అక్షరం సైజు కంటే వరుసల ఎడం ముందు పెంచాలి. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లలకు ద, ధ, థ లేదా ప, ఫ, ష మధ్య తేడా చిన్న గీతలోనే ఉంటుంది కాబట్టి అలంకారాల ఫాంట్లు మానాలి. రెండు అంచులూ సమానంగా ఉండేలా వరుసలు సాగదీయడం వల్ల పదాల మధ్య గుంతలు పడతాయి, ఎడమ అంచు మాత్రమే సర్దితే చాలు.

మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల మెటీరియల్ గురించి తెలుగులో చాలా తక్కువ ఆలోచన జరిగింది. ఆ రంగంలో పనిచేసే జాతీయ సంస్థ మాత్రం సికింద్రాబాద్‌లోనే ఉంది, 1984 నుంచీ ఉంది. సులభంగా రాయడం అంటే చంటిపిల్లలకు చెప్పినట్టు రాయడం కాదు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి కాకమ్మ బొమ్మలు పెడితే అవమానంగా ఉంటుంది. ఒక వాక్యంలో ఒక విషయం, గ్రాంథిక పదం వస్తే పక్కనే వాడుక మాట, పని చేసే క్రమంలోనే వాక్యాల వరుస ఉండాలి. ‘శోషణ’ అనే మాట తీసేయకూడదు, పరీక్షలో అదే వస్తుంది. ‘శోషణ, అంటే పీల్చుకోవడం’ అని ఇస్తే చాలు.

ఆన్‌లైన్ పరీక్షలు చాలా చోట్ల అసలు పాఠాల కంటే ఎక్కువ మందిని ఆపేస్తున్నాయి. మౌస్‌తో లాగి జతపరచమనే ప్రశ్న చేతులు వణికేవారికి, కీబోర్డు మాత్రమే వాడేవారికి సాధ్యం కాదు. పక్కనే జాబితాలోంచి ఎంచుకునే వీలు ఉండాలి. పేరు పెట్టని బటన్ల మీద టాక్‌బ్యాక్ ‘బటన్, బటన్’ అంటుంది, సబ్మిట్ ఏదో, వెనక్కి వెళ్లేది ఏదో తెలియదు. అరవై సెకన్లకు ప్రశ్న మాయమయ్యే టైమర్ మరో గోడ. స్క్రైబ్ (విద్యార్థి చెప్పిన జవాబు రాసే మనిషి) సాయం తీసుకునే అర్హత ఉన్నవారికి రాత పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. కాగితం మీద పరీక్షలో దొరికే ఈ హక్కు యాప్‌లో సెట్టింగ్ లేక పోతే దాన్ని సాంకేతిక సమస్య అనడం సరికాదు, హక్కు తీసేసినట్టే.

చట్టం ఈ విషయంలో మసకగా లేదు. 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల వరకు పుస్తకాలు, బోధన సామగ్రి, పరికరాలు ఉచితంగా ఇవ్వాలని 17వ సెక్షన్ చెబుతుంది. ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం అందుబాటు రూపంలో ఉండాలని 42వ సెక్షన్ చెబుతుంది. 2021 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఈ-కంటెంట్ ఎలా తయారుచేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అందుబాటు ప్రమాణాలు సలహాల స్థాయిలో ఉంటే కుదరదని, తప్పనిసరి నియమాలు రావాలని తేల్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమని అదే కోర్టు చెప్పింది.

కాపీరైట్ కూడా అడ్డంకి కాదు. 2012 సవరణ తర్వాత, వైకల్యం ఉన్నవారి కోసం లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చుకోవచ్చు. అంధుల కోసం పుస్తకాలు దేశాలు దాటేలా చేసిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించింది భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయం అనే ఆన్‌లైన్ లైబ్రరీ వచ్చింది. అయితే ఈ ఏర్పాట్లన్నీ మరమ్మతు కోసం. అంటే ఎవరో పుస్తకం వేస్తారు, ఎవరో స్వచ్ఛందంగా స్కాన్ చేస్తారు, బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ పెడతారు, తెలుగు ఒత్తుల దగ్గర వచ్చిన తప్పులు దిద్దుతారు. సిలబస్ మారగానే మళ్లీ మొదలు. ఓసీఆర్ బాగా మెరుగుపడింది, గూగుల్ డాక్స్‌లోనూ, టెసెరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌లోనూ తెలుగుకు పనిచేస్తోంది. కానీ రెండు కాలమ్‌ల పేజీ, పట్టిక, రసాయన సమీకరణం వచ్చినచోట ఇప్పటికీ మనిషి కన్ను కావాలి. ఆ పుస్తకం ఒకప్పుడు ఎవరో చక్కగా టైపు చేసినదే. ఆ ఫైలును కాగితంగా మార్చి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి, మళ్లీ టైపు చేయించడం ఎంత శ్రమ వృథా!

ఇది కొద్దిమంది కోసం ఇంత పని అనేవారు 2011 జనాభా లెక్కలు చూడాలి. దేశంలో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 22.7 లక్షల మంది వైకల్యం ఉన్నవారిగా నమోదయ్యారు. అప్పటి లెక్కలో ఇప్పటి 21 రకాలూ లేవు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చేతికి రాని డిస్లెక్సియా పిల్లలు ఇంకా ఏ లెక్కలోనూ లేరు.

మార్పు ఎక్కడ మొదలవ్వాలో చూస్తే, టెండరు కాగితం, డీటీపీ ఆర్డరు, యాప్ కాంట్రాక్టు కనిపిస్తాయి. పుస్తకం వేయించే సంస్థ డీటీపీ వారి దగ్గర అచ్చు పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ మూల ఫైలు కూడా తీసుకోవాలి, అది ఇస్తేనే బిల్లు పాస్ చేయాలి. పాఠ రచయిత బొమ్మ ఇచ్చేటప్పుడే దాని వివరణ రాసివ్వాలి. బొమ్మ ఎందుకు పెట్టారో ఆయనకు తెలిసినట్టు, ఆరు నెలల తర్వాత వాలంటీరుకు తెలియదు. వీడియో తీసేముందు స్క్రిప్టు రాస్తారు కదా, దాన్ని పారేయకుండా సబ్‌టైటిళ్లకూ పాఠం కింద టెక్స్ట్‌గానూ వాడుకోవచ్చు. ఈ పనులు తయారీలోనే చేస్తే కొంచెం ఖర్చు, తర్వాత చేస్తే చాలా ఖర్చు, చేయకపోతే ఆ ఖర్చు పిల్లల కుటుంబాల మీద పడుతుంది.

చివరిగా పరీక్షించేవారు. ప్రమాణాలు పాటించామో లేదో చెప్పే ఆటోమేటిక్ టూల్స్ ఉన్నాయి. ఆల్ట్ టెక్స్ట్ ఉందా లేదా అవి చెబుతాయి, అందులో హృదయం కుడి ఎడమలు తారుమారయ్యాయా అన్నది చెప్పలేవు. దాన్ని ఆ పాఠం చదువుకునే మనుషులే పట్టుకోగలరు. కాబట్టి విడుదలకు ముందు చూపు లేనివారు, వినపడనివారు, చేతులు కదలనివారు యాప్‌ను వాడి చూడాలి. దాన్ని సేవగా కాకుండా ఉద్యోగంగా గుర్తించి డబ్బు చెల్లించాలి. వాళ్లలో తెలుగు మీడియంలో చదివినవారు, మామూలు ధర ఆండ్రాయిడ్ ఫోన్ వాడేవారు తప్పక ఉండాలి. ఖరీదైన ల్యాప్‌టాప్‌లో ఇంగ్లీష్ గొంతుతో పరీక్షించి సరే అనుకున్న పాఠం మండల కేంద్రంలోని ఇంటర్ విద్యార్థి ఫోన్‌లో ‘క్ష’ దగ్గరే ఆగిపోతే, ఆ సంగతి చెప్పగలిగేది అదే ఫోన్ వాడే మరో విద్యార్థి మాత్రమే.